ఆట మంచిదే, ఆగే చోటు ఏదీ?

మూసాపేట: సెల్‌ఫోన్ ఆటల గూర్చి ఊళ్ళలో రెండే మాటలు వినబడుతున్నాయి. 'ఆ ఆటలతో పిల్లలు చెడిపోతున్నారు' అని పెద్దలు అంటున్నారు. 'మీకు తెలియదు, ఊరుకోండి' అని పిల్లలు అంటున్నారు. ఈ ఇద్దరి నడుమ ఆట సంగతి తెలిసి మాట్లాడేవారు కరువయ్యారు. ఏది మంచి ఆట, ఏది చెడ్డ ఆట, ఏది అసలు ఆటే కాదు అన్న విచక్షణ లేకపోవడంతో పిల్లవాడి చేతిలోని లూడోకూ, పెద్దవాడి చేతిలోని రమ్మీకీ ఒకే తిట్టు పడుతున్నది. అన్నిటికీ ఒకే తిట్టు అయినప్పుడు పిల్లలు దానిని లెక్కచేయరు.

వీడియో ఆటలు మనకు నిన్న మొన్న వచ్చినవి కావు. వాటితో పెరిగి ఇప్పుడు బిడ్డల తండ్రులైనవారు చాలామంది ఉన్నారు. అటువంటి వారిలో మూసాపేట వాసి ఒకరు. వయస్సు 48 సంవత్సరాలు. తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు. ఆయన బాలానగర్‌లో లేతు మిషను పని చేస్తున్నారు. పన్నెండవ ఏట మొదలుపెట్టి నేటికీ ఆటలు మానలేదు. పేరు ప్రచురించవద్దని కోరిన ఈ పాత ఆటగాడి అభిప్రాయాలు పల్లెల్లోని తల్లిదండ్రులు తప్పక వినదగినవి.

రూపాయి బిళ్ళ రోజులు

మూసాపేట ఒకప్పుడు గ్రామమే. ఒక పక్క ఐ.డి.ఎల్. కర్మాగారం, మరో పక్క సనత్‌నగర్ పారిశ్రామికవాడ, ఆల్విన్ ఫ్యాక్టరీ. బొంబాయి రోడ్డు పొడవునా కార్మికుల ఇళ్ళు. ఆ రోజుల్లో నగరంలో వీడియో గేమ్స్ పార్లర్లు వెలిశాయి. ఎత్తైన పెట్టె, దానికి తెర, కింద రెండు మూడు మీటలు, ఒక పిడి. రూపాయి వేస్తే ఆట మొదలు. జపానులో 1978లో వచ్చిన 'స్పేస్ ఇన్వేడర్స్', 1980లో వచ్చిన 'పాక్‌మాన్' వంటివి ఇటువంటి పెట్టెల మీదనే లోకమంతా తిరిగాయి.

'ప్రాణాలు మూడు. మూడూ పోతే ఆట ముగిసినట్లే. జేబులో ఇంకో రూపాయి ఉంటే ఆడేటోళ్ళం, లేకుంటే ఇంటికి పోయేటోళ్ళం. ఇప్పుడు ఆటనే ఇంటికొచ్చి కూసున్నది' అన్నది ఆయన మాట.

ఇందులో గమనించవలసిన సంగతి ఉన్నది. పార్లరు యజమాని ధర్మాత్ముడేమీ కాదు. త్వరగా ఓడిస్తేనే అతనికి రాబడి. అందుకే ఆ పెట్టెల్లోని ఆటలు అంత కష్టంగా ఉండేవి. అయినా ధర ముందే తెలుసు. వేసినది ఒక్క రూపాయి. పోయినది కూడా ఒక్క రూపాయే. పిల్లవాడి జేబు ఎంత లోతో నష్టమూ అంతే.

ఆ పిమ్మట టి.వి.కి తగిలించుకునే ఆటపెట్టెలు వచ్చాయి. ఒక్కో క్యాసెట్టు మీద లక్షల ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే పదో ఇరవయ్యో ఆటలే తిరిగి తిరిగి వచ్చేవి. వాటిలో 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్', 1987 నాటి 'కాంట్రా' ఇంటింటి ఆటలయ్యాయి. మారియోలో మొత్తం 32 మెట్లు. ఆఖరి మెట్టు దాటితే రాకుమారి దొరికి ఆట పూర్తయ్యేది. కాంట్రాను ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడవచ్చు. మీటలను ఒక వరుసలో నొక్కితే మూడు ప్రాణాలకు బదులు 30 ప్రాణాలు వచ్చేవి. ఆ కిటుకు ఏ పుస్తకంలోనూ చదవకుండానే ప్రతి వీధి పిల్లవాడికీ తెలిసిపోయేది. ఆనాటి ఆటల్లో తనకు అన్నిటికన్నా ఇష్టమైనది కాంట్రాయే అని ఆయన చెప్పారు. కారణం తుపాకులు కాదు. పక్కవాడు చచ్చిపోతే తాను ఒంటరి అయిపోతాడు కాబట్టి వాడిని కాచుకోవలసి రావడం.

ఇంటర్నెట్ సెంటర్ల కాలం

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. మూసాపేట చుట్టుపక్కల అద్దె గదులు, కంప్యూటర్ కోర్సులు, ఇంటర్నెట్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. బయోడేటా టైపు చేయించుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు మిగిలిన అరగంటకు 'రోడ్ రాష్' ఆడేవారు. మోటారు సైకిల్ మీద పోతూ పక్కవాడిని తన్నే ఆట అది. పోలీసు పట్టుకుంటే ఆట కట్టు. తరువాత 'కౌంటర్ స్ట్రైక్' వచ్చింది. అయిదుగురు ఒక జట్టు, అయిదుగురు మరో జట్టు. గంటకు ఇంత అని అద్దె. గంట కాగానే సెంటరు యజమాని వచ్చి భుజం తట్టేవాడు.

రోడ్ రాష్‌ను ఆయన పొగడలేదు. 'నవ్వుకోను బాగుండేది. బండి నేర్చుకోను కాదు' అన్నారు. కౌంటర్ స్ట్రైక్‌ను మాత్రం మెచ్చుకున్నారు. అందులో డబ్బు పెట్టి బలం కొనడానికి వీలు లేదు. చేతివాటం, చెవి, జట్టు మాట, ఈ మూడే గెలిపిస్తాయి. ఆ విషయంలో అది కబడ్డీకి దగ్గర అని ఆయన ఉద్దేశం.

ఇదే కాలంలో నోకియా ఫోనుతో పాటు 'స్నేక్' ఆట పల్లెకు కూడా చేరింది. పాము మేత తింటూ పెరుగుతుంది. తన తోకను తానే తాకితే చస్తుంది. పొలం గట్టున, బస్సు స్టాండులో, ఆసుపత్రి బెంచీ మీద ఆ ఆట ఆడనివారు అరుదు. దానివల్ల ఎవరి చేనూ అమ్ముడుపోలేదు. ఆడేవారి నుండి ఆట ఇంకేమీ కోరలేదు కనుక.

ఉచితం వెనుక ఏమున్నది?

తేడా వచ్చింది ఎక్కడ? అందరూ సెల్‌ఫోన్‌ను తప్పు పడుతున్నారు. ఫోను కన్నా ముఖ్యం, ఆటను అమ్మే పద్ధతి మారడం. 2012 ప్రాంతం నుండి పేరొందిన ఆటలు చాలావరకు ఉచితంగా వస్తున్నాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ చవుకై ఆ ఆటలు తండాల దాకా పోయాయి. ఉచితంగా ఇచ్చే కంపెనీకి రాబడి ఎక్కడిది అని అడిగినవారు తక్కువ.

'క్యాండీ క్రష్' ఆటను చూడండి. మిఠాయి బొమ్మలను వరుసకు చేర్చడమే. ముసలమ్మలు కూడా ఆడగలరు. ప్రాణాలు అయిదు. అయిదూ పోతే ఒక్కో ప్రాణానికి అరగంట ఆగాలి. ఆగలేనివాడు డబ్బు కట్టాలి. పాత పార్లరులో ఆడినందుకు డబ్బు తీసుకున్నారు. ఇక్కడ ఆగలేనందుకు తీసుకుంటున్నారు. 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లో కోట కట్టాలి. పైకి పోయే కొద్దీ ఒక్కో బురుజుకు రోజుల తరబడి వేచి ఉండాలి. రత్నాలు కొంటే వెంటనే పని పూర్తి. ఈ ఆటలు ఆపదలచినవాడికి వీలుగా తయారు చేసినవి కావు. రేపు ఉదయం కానుక తీసుకో, లేకుంటే నీ వరుస తెగిపోతుంది అని పిలుస్తూనే ఉంటాయి. మారియోకు ఉన్నట్లు వీటికి ఆఖరి మెట్టు అంటూ లేదు. ఒకటి దాటితే కంపెనీ మరొకటి కడుతుంది.

పబ్‌జీ గూర్చి ఒక మాట

మన జిల్లాలో ఎక్కువగా తిట్లు తిన్న ఆట పబ్‌జీ. 2018లో సెల్‌ఫోన్లకు వచ్చింది. నూరుమంది ఒక దీవిలో దిగుతారు. ఆయుధాలు వెదుక్కోవాలి. చుట్టూ వలయం బిగుసుకుంటూ వస్తుంది. ఆఖరికి మిగిలిన జట్టుదే గెలుపు. ఒక ఆట సుమారు అరగంట.

పాత ఆటగాడు దీనిని పూర్తిగా కొట్టివేయలేదు. పటం చూసి దారి ఎంచుకోవడం, దూరం అంచనా వేయడం, నలుగురూ ఒక మాట మీద ఉండడం ఇందులో ఉన్నాయి. లాక్‌డౌన్‌లో ఊళ్ళకు చేరిన మిత్రులు ఇందులోనే కలుసుకుని మాట్లాడుకున్నారు. ఆయనకు నచ్చనిది ఇందులోని కాల్పుల కన్నా డబ్బాలు. డబ్బు కట్టి డబ్బా తెరవాలి. లోపల తుపాకికి రంగు తొడుగు ఉంటుందో, పనికిరాని చొక్కా ఉంటుందో తెరిస్తే గాని తెలియదు. జాతరలో లక్కీ డ్రా చీటీ చింపడం, ఇది ఒక్కటే. ఇటువంటి డబ్బాలను కొన్ని ఆటల్లో 2018లోనే బెల్జియం దేశం జూదంగా పరిగణించింది. చొక్కా వేసుకున్నంత మాత్రాన తూటా తగలకుండా పోదు. అయినా జట్టులో నలుగురికీ ఉన్న చొక్కా తనకు లేకపోతే పిల్లవాడికి చిన్నతనం. కంపెనీలు పిల్లల ఈ చిన్నతనాన్నే సొమ్ము చేసుకుంటున్నాయి.

నిషేధాలు జరగకపోలేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీతో సహా 118 యాప్‌లను నిలిపివేసింది. భద్రత, సమాచార రక్షణ కారణాలుగా చూపింది. 2021 జూలైలో అదే ఆట 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' పేరిట తిరిగి వచ్చింది. 2022 జూలైలో అదీ ఆగి 2023 మే నెలలో మళ్ళీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో 'ఫ్రీ ఫైర్'ను నిలిపివేస్తే, దాని జోడు 'ఫ్రీ ఫైర్ మ్యాక్స్' ఆడుతూనే ఉన్నారు. అదే ఏడు హైదరాబాదులో ఒక బాలుడు ఫ్రీ ఫైర్ కోసం ఇంటివారి ఖాతా నుండి లక్షల రూపాయలు పోగొట్టిన సంగతి సైబర్ క్రైం పోలీసుల దాకా వెళ్ళింది. పేరు చూసి నిషేధిస్తే పేరు మారుతుంది. డబ్బు లాగే పద్ధతిని పట్టుకోనంత వరకు తల్లిదండ్రులకు రక్షణ లేదు.

ఇది ఆట కాదు

ఇక్కడ గీత గీయవలసిన చోటు ఒకటి ఉన్నది. లూడో కింగ్‌లో పాచికలు వేయడం ఇంట్లో పచ్చీసు ఆడుకున్నట్లే. అదే లూడోలో నలుగురూ వంద చొప్పున పెట్టి, కంపెనీ తన వాటా తీసుకుని మిగిలినది గెలిచినవాడికి ఇస్తే అది ఆట పేరిట నడిచే పందెం. రమ్మీ యాప్‌లు, రంగు చెప్పి డబ్బు పెట్టే యాప్‌లు, విమానం పైకి పోతుంటే పందెం కాసే యాప్‌లు, క్రికెట్ బెట్టింగులు ఈ కోవకే చెందుతాయి. 'వాటిని గేమ్స్ అంటే మాకు సిగ్గు. మూడు ముక్కలాటను పట్టుకొచ్చి ఫోన్ల పెట్టిండ్రు' అన్నారు ఆ పాత ఆటగాడు. నలభై ఏళ్ళకు దగ్గరగా ఆడుతున్న మనిషి నోట వచ్చిన ఈ మాటను ఆటల మీద ద్వేషంగా కొట్టివేయడానికి వీలు లేదు.

రమ్మీ నైపుణ్యమా, జూదమా అన్న తగవు మన సికిందరాబాదు నుండే సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడి ఒక క్లబ్బు కేసులో 1967లో తీర్పు వచ్చింది. రమ్మీలో ముక్కలు గుర్తుంచుకోవడం, ఏది దించాలి, ఏది పట్టుకోవాలి అన్న నేర్పు ప్రధానమని ఆ తీర్పు సారాంశం. క్లబ్బులో ఎదురెదురుగా కూర్చుని ఆడేవారి గూర్చి చెప్పిన ఆ మాటను తరువాత కంపెనీలు తమకు గొడుగుగా పట్టుకున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకి అడ్డుకట్ట వేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే బాట పట్టింది. అయినా ఫోనుకు పొలిమేర లేదు. దొంగదారులు మిగిలే ఉన్నాయి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసినవారిపై పంజాగుట్ట, మియాపూర్ పోలీసు స్టేషన్లలో కేసులు నమోదు కావడం అందరికీ తెలిసినదే.

ఆ ఏడు ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోద ముద్ర పడింది. ఈ చట్టం ఆటలను మూడు తెగలుగా విడదీసింది. పోటీగా ఆడే ఈ-స్పోర్ట్స్ ఒకటి, వినోదానికి ఆడేవి రెండవది, డబ్బు పెట్టి డబ్బు ఆశించి ఆడేవి మూడవది. మూడవ తెగను నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత తగవును పక్కన పెట్టి, డబ్బు ఒడ్డడమే కొలమానం చేయడం ఇందులో మెచ్చుకోదగిన సంగతి. ఆడి నష్టపోయినవాడిని చట్టం దోషిగా చూడలేదు. కనుక మోసపోయినవారు పోలీసులకు చెప్పుకోవడానికి జంకవలసిన పని లేదు. సైబర్ మోసాలకు 1930 నంబరు ఉన్నది.

అయితే ఉచిత ఆటల్లోని డబ్బాలు, ఆగలేనందుకు కట్టే సొమ్ము రెండవ తెగ చాటున దాగి ఉన్నాయి. పసిపిల్లల విషయంలో వీటికి కూడా హద్దు అవసరం.

ఇంటి తాళంచెవి ఎవరి దగ్గర?

ఊళ్ళలో అసలు చిక్కు మరొకటి. చదువు రాని తండ్రికి ఫోను నేర్పింది కొడుకే. బ్యాంకు యాప్ ఎక్కించింది వాడే. పిన్ నంబరు పెట్టింది వాడే. వడ్లు అమ్మిన డబ్బు ఖాతాలో పడితే చూసి చెప్పేదీ వాడే. అంటే ఇంటి బీరువా తాళంచెవి తొమ్మిదవ తరగతి పిల్లవాడి చేతిలో ఉన్నది. వాడు చెడ్డవాడు కాడు. కాని నెలకు వంద నొక్కులు నొక్కమని అడిగే ఆటకు ఎదురు నిలవగల వయస్సు కాదు.

తల్లిదండ్రులు చేయదగిన పనులు కష్టమైనవి కావు. పిన్ నంబరు మార్చుకుని తమ వద్దనే ఉంచుకోవాలి. ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు పెట్టించుకోవాలి. ఖాతా నుండి నెలనెలా తనంతట తానే పోయే చెల్లింపులు ఏమైనా ఉన్నాయేమో బ్యాంకులో అడిగి రద్దు చేయించుకోవాలి. పిల్లవాడు ఆడే ఆటను పక్కన కూర్చుని ఒకసారి చూడాలి. ఆట ఎప్పుడు ముగుస్తుంది, ఇప్పటికి ఎంత కట్టావు, అవతల ఆడేది ఎవరు అని అడగాలి. ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు వస్తే ఆ ఆటతో అంత భయం లేదు. ఫోను గుంజుకుని బావిలో వేస్తామని బెదిరించేవారికి ఈ జవాబులు ఎన్నటికీ దొరకవు.

ఆడిన ప్రతివాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చిన మాట నిజం. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. అదుపు తప్పడం, తిండి, చదువు, పని అన్నిటికన్నా ఆటే ముందు కావడం, నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇది సాధారణంగా ఏడాది పాటు సాగడం దానికి గుర్తులు. అటువంటి పిల్లవాడిని కొట్టి ప్రయోజనం లేదు. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి-మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. అప్పులపాలైన యువకులకు కూడా ఈ నంబరు తెలియాలి. అప్పు తీరే దారి ఉంటుంది. పోయిన ప్రాణం తిరిగి రాదు.

ఆటకు మరో ముఖం

ఈ ఆటలన్నీ దండగ అనడం కూడా సరికాదు. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వీటికి పతకాలు ఇచ్చారు. రోడ్ రాష్‌ను తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీకి మన హైదరాబాదులోనే స్టూడియో ఉన్నది. 2022లో తెరిచిన కైత్లాపూర్ ఫ్లైఓవర్ ఎక్కితే మూసాపేట పరిసరాల నుండి హైటెక్ సిటీ ఎంతో దూరం లేదు. ఆటలంటే ఇష్టపడే పిల్లవాడికి బొమ్మలు గీయడం, లెక్కలు, ప్రోగ్రాములు రాయడం నేర్పితే ఆ ఇష్టం అన్నం పెట్టవచ్చు. అయితే ఆడేవారిలో పోటీలు గెలిచి బ్రతికేవారు వేళ్ళ మీద లెక్కించదగినవారే. యూట్యూబులో ఆట చూపించి కోట్లు సంపాదిస్తానని ఇంటర్ చదువు మానుకునే కుర్రాళ్ళకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

మరొక మాట. మూసాపేటలో పిల్లలు గోటీలు, చిర్రగోనె ఆడిన ఖాళీ జాగాలన్నీ ఇళ్ళయ్యాయి. ఇక్కడి పిల్లవాడు ఫోను కాక ఏది ఆడాలి అంటే జవాబు చెప్పడం కష్టం. పల్లెలకు ఇంకా ఆ దుస్థితి రాలేదు. 2022 జూన్‌లో ఊరూరా క్రీడా ప్రాంగణాల పథకం మొదలైంది. బోర్డు తప్ప మరేమీ మిగలని ప్రాంగణాలు ఉంటే గ్రామస్థులు పంచాయతీని నిలదీసి బాగు చేయించుకోవాలి. సాయంత్రం వాలీబాల్ నెట్టు కట్టి ఉన్న ఊళ్ళో, కనీసం ఆ రెండు గంటలైనా ఫోను జేబులో ఉంటుంది.

పాత ఆటగాడి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. అతడు కూడా ఫోనులో ఆడతాడు. ఆ ఇంట్లో నిషేధం లేదు, నియమం ఉన్నది. ఆదివారం తండ్రీ కొడుకులు కలిసి ఆడతారు. డబ్బు కట్టమని తెర మీద కనబడితే ఆ రోజుకు ఆట బంద్. ఈ నియమానికి చట్టం అక్కరలేదు, చదువు కూడా అక్కరలేదు. మన ఊళ్ళలో తల్లిదండ్రులు ఈ నియమం పెట్టగలరు. ఉచితమని చెప్పి పిలిచి, సగం దారిలో చేయి చాపే ఆటను ఆ క్షణానే ఆపడం పిల్లలకు నేర్పాలి. వాళ్ళు ఆగగలిగితే ఏ ఆటకూ భయపడవలసిన పని లేదు.